బంకరు బాగుంది, తలుపు ఎవరికి తీస్తారు?

జర్మనీలోని హాంబర్గులో రెండో ప్రపంచ యుద్ధకాలం నాటి ఒక పెద్ద బంకరు మీద ఐదంతస్తులు లేపి, ఒళ్ళంతా చెట్లు పెట్టి, 2024 జులైలో జనానికి తెరిచారు. అప్పటినుంచీ మా ఇంజినీర్ల వాట్సాప్ గ్రూపులో దాని వీడియో తిరుగుతూనే ఉంది. ఎవరో ఒకరు పంపడం, 'అదీ ఊరంటే, మన చెన్నైలో అయితే ఈపాటికి కొట్టేసి పార్కింగు చేసుండేవాళ్ళు' అని ఇంకొకరు నిట్టూర్చడం. అందరి కళ్ళూ చెట్ల మీదే. యుద్ధం కోసం పోసిన గోడల్ని కళలకూ, జనానికీ ఇవ్వడం ఇప్పుడు ప్రపంచమంతా ఒక ఫ్యాషన్ అయింది, మంచి ఫ్యాషనే. కానీ ఆ మార్పు నిజమైనదా, పైపూతా అన్నది తోట చూస్తే తెలియదు, తలుపు దగ్గర తెలుస్తుంది అని నా వాదన. లోపలికి ఎవరు రావచ్చు, ఎంత కట్టాలి, ఒకప్పుడు ఎవర్ని రానివ్వలేదో ఆ గోడ మీద రాశారా లేదా, ఇవీ చూడాల్సినవి.

ముందు ఆ కట్టడం సంగతి, ఎందుకంటే వీడియోల్లో సగమే వస్తుంది. సాంక్ట్ పౌలి అనే పేట పక్క మైదానంలో 1942లో నాజీలు దాన్ని కట్టించారు. పైన విమానాలను కూల్చే ఫిరంగులు, లోపల జనం తలదాచుకునే గదులు. గోడల మందం 3.5 మీటర్లు. మనం తొమ్మిదంగుళాల గోడ కడితేనే గట్టి ఇల్లు కట్టాం అనుకుంటాం! దాన్ని అంత త్వరగా లేపగలిగారంటే కారణం, ఆక్రమించిన దేశాలనుంచి పట్టుకొచ్చిన వెట్టి కూలీలు. 1943 జులై చివర్లో మిత్రరాజ్యాల విమానాలు హాంబర్గును తగలబెట్టి 30,000 మందికి పైగా చనిపోయిన ఆ రోజుల్లో, 18,000 మందికని లెక్కవేసిన ఈ బంకరులో 25,000 మంది దాకా కిక్కిరిసి కూర్చున్నారు. నాజీల కింద ఇలాంటి బంకర్లలో యూదులకు చోటు లేదు, వెట్టి కూలీలకూ లేదు. కాంక్రీటు పోసినవాళ్ళు బయట, పోయించినవాళ్ళు లోపల.

యుద్ధం అయ్యాక పేల్చేద్దామంటే చుట్టూ ఉన్న ఇళ్ళు లేచిపోతాయి. బెర్లిన్‌లో జూ పక్కనున్న ఇలాంటి బురుజునే పేల్చబోయి బ్రిటిష్ సైన్యం తంటాలు పడింది, మొదట్లో అది లొంగనేలేదు. అందుకే హాంబర్గుది మిగిలిపోయింది. మిగిలిపోయాక ఎవరి అవసరానికి వాళ్ళు వాడుకున్నారు. ఇళ్ళు కూలినవాళ్ళు అందులో కాపురాలు పెట్టారు. పశ్చిమ జర్మనీలో రోజూ వచ్చే టీవీ ప్రసారాలు 1952 డిసెంబరు 25న మొదలైంది ఆ బంకరులోంచే. తర్వాత ఫోటో స్టూడియోలు, పాటల బృందాల రిహార్సలు గదులు, రాత్రంతా మోగే ఒక క్లబ్బు. గోడలు అంత మందమైతే పక్కింటివాడు పోలీసుకు ఫోన్ చేసే భయం లేదుగా. చెట్లు నాటినప్పుడే బంకరు మారిందన్నట్టు వీడియోలు చెప్తాయి గానీ, సంగీతం వాయించుకునే కుర్రాళ్ళు ఎప్పుడో దాన్ని ఊరికి తెచ్చిచ్చేశారు. ఆర్కిటెక్టు తరవాత వచ్చాడు.

మా అన్నయ్య కూతురు అక్కడ చదువుకుంటుంటే వెళ్ళి చూశాను. కట్టడం చుట్టూ బయటివైపున మెలికలు తిరుగుతూ పైదాకా ఒక దారి వేశారు, 560 మీటర్లు ఉంటుందట. ఎక్కడానికి పైసా అక్కర్లేదు. చేతికర్ర పట్టుకుని ఒక ముసలాయన, సంచిలో కూరగాయలతో ఇద్దరాడవాళ్ళు, అటూ ఇటూ పరిగెత్తే పిల్లలు నాతోపాటు ఎక్కారు. ఫోటోల్లో ఉన్నంత పచ్చదనం లేదు, చెట్లింకా చిన్నవి. లోపల ఒక హోటలుంది, పెద్ద బ్రాండుది. హోటల్ కోసమే ఈ పచ్చదనం ముసుగు అని ఆ ఊళ్ళో తిట్టినవాళ్ళు తక్కువేం లేరు, ఆ తిట్టులో నిజం లేకపోలేదు కూడా. అయినా ఆ బేరం నాకు నచ్చింది. స్థలం నగరానిది, ఖర్చు లీజుదారుడిది, అతను హోటలు నడుపుకుంటాడు, బదులుగా పైకప్పు దాకా దారి ఊరందరిదీ. మన దగ్గర పీపీపీ, అంటే ప్రభుత్వం, ప్రైవేటు కలిసి చేసే పని అంటే ఈ చివరి ముక్క రాయడం మరిచిపోతారు.

లోపల వెట్టి కూలీల గురించీ, ఆ రాత్రుల గురించీ చెప్పే స్మారక గదులున్నాయి. ఇంకోటి, సభలూ కచేరీలూ జరిగే హాలుకి గేయోర్గ్ ఎల్సర్ పేరు పెట్టారు. 1939లో మ్యూనిక్ బీరు హాల్లో హిట్లర్ ఉపన్యాసమిచ్చే వేదిక వెనక స్తంభంలో, రాత్రుళ్ళు ఒంటరిగా తొలిచి బాంబు పెట్టిన వడ్రంగి అతను. హిట్లర్ అనుకున్నదానికంటే ముందే లేచి వెళ్ళిపోవడంతో బతికాడు. ఎల్సర్‌ని 1945 ఏప్రిల్‌లో డాహౌ శిబిరంలో చంపేశారు. నాజీలు కట్టిన గోడల మధ్య ఇప్పుడు గిటారు వాయించేవాడు టికెట్ మీద ఆ వడ్రంగి పేరు అచ్చేయించుకుంటాడు. హాలుకి ఒక పేరు పెట్టడం పెద్ద ఖర్చేం కాదు, అయినా ఆ తోట మొత్తం కంటే నాకదే గొప్పగా అనిపించింది.

అన్నిచోట్లా ఇలా లేదు. బెర్లిన్ మధ్యలో 1940లలో రైలు ప్రయాణికుల కోసం కట్టిన ఒక బంకరుంది. యుద్ధం తర్వాత సోవియెట్ సైన్యం జైలుగా వాడింది, తర్వాత తూర్పు జర్మనీ వాళ్ళు అందులో పళ్ళు నిల్వ చేస్తే జనం అరటిపళ్ళ బంకరని పిలిచారు, 1990లలో టెక్నో క్లబ్బు అయింది. 2003లో బోరోస్ అనే కళాఖండాల సేకర్త కొనుక్కుని పైన ఇల్లు కట్టుకున్నాడు, కింద తన సేకరణ పెట్టి 2008లో చూపించడం మొదలెట్టాడు. ముందే బుక్ చేసుకోవాలి, గుంపుగా గైడు వెంట తిరగాలి. అందంగానే ఉంటుంది, నాకు దాని మీద కోపమేం లేదు. కానీ దాన్ని 'ప్రజా స్థలం' అంటే మాత్రం ఒప్పుకోను, అది మర్యాదగల ఒక పెద్దమనిషి ఇల్లు, పిలిస్తే వెళ్ళి చూసొస్తాం. ఫ్రాన్సులో బోర్డో జలాంతర్గాముల స్థావరం ఇంకో రకం. 2020లో గోడలంతా దీపాలతో చిత్రాలు ఆడించే టికెట్ ప్రదర్శన పెట్టారు, నీళ్ళలో ఆ రంగుల నీడలు పడతాయి, సెల్ఫీలకు భలే ఉంటుంది. ఆ స్థావరాన్ని పోసినవాళ్ళలో తమ దేశ నియంత ఫ్రాంకో నుంచి పారిపోయొచ్చి నాజీలకు చిక్కిన స్పెయిన్ రిపబ్లికన్లున్నారు. ఆ రంగుల మధ్య నిలబడ్డవాడికి వాళ్ళు ఎంత గుర్తొస్తారో నాకు అనుమానమే.

అదే ఫ్రాన్సులో సాంనజేర్ అనే రేవు ఊరు నాకు బాగా నచ్చిన ఉదాహరణ. ఊరంతా బాంబులకు నేలమట్టమైంది, ఆ బాంబులు ఏ జలాంతర్గాముల స్థావరం కోసం పడ్డాయో అది మాత్రం చెక్కు చెదరలేదు. ఊరికీ రేవుకీ మధ్య గోడలా అడ్డంగా నిలబడిపోతే, జనం దానికి వీపు పెట్టి ఊరు మళ్ళీ కట్టుకున్నారు. దశాబ్దాల తర్వాత, 1990లలో, మున్సిపాలిటీ చేసిన పని సూటిగా ఉంది: లోపలి గదుల్ని అటూ ఇటూ తెరిచి నీళ్ళదాకా నడిచిపోయేలా చేశారు, కప్పు మీదికి ఒక ర్యాంపు వేశారు. 2007లో ఒక గదిలో కచేరీల వేదిక వచ్చింది. కప్పు మీద నిలబడితే ఓడలు కనబడతాయి, అంతే. తలుపు పెట్టడానికి బదులు గోడనే దాటివెళ్ళే దారి చేశారు.

టిరానాలో దీనికి పూర్తిగా తలకిందులైన కథ జరిగింది. అల్బేనియాలో ఎన్వర్ హోజా అనే కమ్యూనిస్టు నియంత, ఎన్నడూ రాని శత్రువు కోసం దేశమంతా లక్షకు పైగా బంకర్లు పోయించాడు. వాటిలో పెద్దవి కొన్ని 2014 తర్వాత మ్యూజియాలయ్యాయి, ఆయన రహస్య పోలీసుల అకృత్యాలు చూపించే మంచి మ్యూజియాలే. అయితే టిరానా నడిబొడ్డున రెండో మ్యూజియానికి ముఖద్వారంగా కొత్తగా ఒక బంకరు గుమ్మటం పోశారు. అసలువే కాళ్ళకు అడ్డం పడుతుంటే కొత్తదా అని జనానికి మండింది. 2015 చివర్లో జరిగిన నిరసనల్లో దాన్ని పగలగొట్టారు.

ఇక ఇక్కడికి వద్దాం. మనకెక్కడివండీ బంకర్లు, మనకు యుద్ధమే రాలేదుగా అని మా గ్రూపులోనే ఒకాయన రాశాడు. వచ్చింది సార్. 1914 సెప్టెంబరు 22 రాత్రి ఎమ్డెన్ అనే జర్మన్ యుద్ధనౌక మద్రాసు మీద గుళ్ళు కురిపించి, బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులు తగలబెట్టి పోయింది. హైకోర్టు ప్రహరీ గోడకు దాని ఫలకం ఇప్పటికీ ఉంది, దాని ముందునుంచే బస్సులు పోతుంటాయి. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులేశాయి. జపాను నౌకాదళం వచ్చేస్తోందన్న కబురుతో మద్రాసు సర్కారు జనాన్ని ఊరొదిలి పొమ్మంది, ఆఫీసుల్ని లోపలి ఊళ్ళకు పంపేసింది. బాంబులు పడి బోన్లు విరిగితే ప్రమాదమని జూలో క్రూరమృగాల్ని కాల్చిపారేశారు. వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరుకి కదిలింది. తీరా మద్రాసు మీదికి 1943 అక్టోబరులో ఒంటరిగా ఒక విమానం వచ్చి హార్బరు వైపు బాంబులు రాల్చి పోయింది.

1942లో అలా ఊరొదిలి పోవడాన్ని మా నాయనమ్మ ఇవాక్యుయేషన్ అనేది. మా ఇంట్లో అది ఒక క్యాలెండరు గుర్తు, పెద్దత్త పుట్టింది ఇవాక్యుయేషన్‌కి ముందా తర్వాతా అని వాదించుకునేవాళ్ళు. తాతయ్యది పెరంబూరు రైల్వే వర్క్‌షాపు ఉద్యోగం, ఆయన కదలడానికి లేదు. పిల్లల్నేసుకుని ఆవిడ గూడూరు బండెక్కింది. 'బంగళాల్లో వాళ్ళు తోటలో గోతులు తవ్వించుకున్నార్రా, మాకు రైలే గొయ్యి' అనేది. ఎవరికి దాక్కునే చోటుంటుంది, ఎవరికుండదు అన్న లెక్క హాంబర్గులో ఒకలా, పెరంబూరులో ఒకలా ఏమీ లేదు. ఇంత జరిగిన ఊళ్ళో ఒక సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్ళి, ఇదిగో మీ ముత్తవ్వ ఇందుకే రైలెక్కింది అని చూపించడానికి నాకు ఒక గది దొరకలేదు. పొట్టి శ్రీరాములు గారు 1952లో 58 రోజులు నిరాహారంగా ఉండి ప్రాణం వదిలిన మైలాపూరు ఇల్లు స్మారక భవనంగా ఉంది, అక్కడ తెలుగు సభలు జరుగుతుంటాయి, చెన్నై తెలుగువాళ్ళకు ఆ మాత్రం చోటుంది. యుద్ధానికి అది కూడా లేదు.

చెన్నైకి కట్టడాల వాడకం మార్చడం రాదని కాదు. సెంట్రల్ స్టేషను దగ్గరి పాత సెంట్రల్ జైలు 1837 నాటిది, సుభాష్ చంద్రబోస్‌ని కూడా పెట్టిన జైలు. 2006లో ఖైదీల్ని పుళల్‌కు మార్చారు, 2009లో కొట్టేశారు. కొట్టేముందు కొన్నాళ్ళు జనాన్ని లోపలికి వదిలితే తండోపతండాలుగా వచ్చారు, గదుల్లో నిలబడి ఫోటోలు దిగారు. ఇంతమంది చూడాలనుకునేదాన్ని ఎందుకు కొట్టేస్తున్నాం అని ఎవరూ ఆగి అడగలేదు. ఆ నేల మెడికల్ కాలేజీకి వెళ్ళింది కాబట్టి గట్టిగా తిట్టలేం. బెంగళూరు తన పాత సెంట్రల్ జైల్ని ఉంచుకుంది, వాచ్ టవరూ కొన్ని బారకులూ అలాగే పెట్టి 2008లో ఫ్రీడమ్ పార్కు చేసింది. ఎమర్జెన్సీలో వాజపేయి, అద్వానీ ఉన్న జైలు. చాలాకాలం నేను దాన్నే మెచ్చుకుంటూ వచ్చాను. 2021లో వచ్చిన ఒక ఉత్తర్వుతో బెంగళూరులో ఎవరు ధర్నా చేసుకోవాలన్నా ఆ పార్కులోనే చేసుకోవాలన్నారు. జైలు తలుపు తీసి, నిరసనని అందులోకి తోలారు. తలుపు పరీక్షలో ఇది పాసా, ఫెయిలా? నాకైతే ఫెయిలే, ఎన్ని మొక్కలు పెట్టినా.

ఇంకో ఉదాహరణ చెప్తే మా ఆర్కిటెక్టు స్నేహితులకు నచ్చదు. చెన్నై ఓమందూరార్ ఎస్టేట్‌లో 2010లో తమిళనాడు కొత్త శాసనసభ తెరిచారు. మరుసటి ఏడాది ప్రభుత్వం మారింది, సభ మళ్ళీ సెయింట్ జార్జి కోటకు పోయింది, 2014లో ఆ భవనం సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి అయింది. రాజకీయ పంతంతో చేశారు, సందేహం లేదు. సభ కోసం గీసిన గుండ్రటి హాళ్ళలో వార్డులు పెట్టడానికి ఇంజినీర్లు ఎంత నలిగారో ఊహించగలను. కానీ ఒకప్పుడు ఎమ్మెల్యేలకూ పాసులున్నవాళ్ళకూ తప్ప దారి లేని గేటులోంచి ఇప్పుడు తిరువళ్ళూరునుంచి వచ్చిన కూలీ స్ట్రెచర్ మీద లోపలికి వెళ్తున్నాడు. నా కొలత ప్రకారం మన దగ్గర జరిగిన మార్పుల్లో అతి పెద్దది ఇదే, మ్యూజియాలేవీ దీనికి సాటిరావు. ఉద్దేశం చెడ్డదైనా తలుపు పెద్దదైంది, ఇలా కూడా జరుగుతుంది.

ముంబయి రాజ్‌భవన్ కింద 2016లో బ్రిటిష్ కాలం నాటి బంకరు బయటపడింది. అప్పటి గవర్నరు మన విద్యాసాగర్ రావు గారే. పదమూడు గదులు, ఫిరంగి గుళ్ళు దాచే గదులకు పాత పేర్లు కూడా చెరిగిపోకుండా ఉన్నాయి. 2019లో మ్యూజియంగా తెరిచారు. బాగా చేశారంటారు. అయితే రాజ్‌భవన్ లోపల ఉన్నదేదైనా ముందే పేరు నమోదు చేసుకుని, భద్రతా తనిఖీ దాటి చూసొచ్చేదే, దార్లో పోతూ దూరేది కాదు.

అసలు నా మనసంతా విశాఖ మీద ఉంది. బీచి ఇసుకలో యుద్ధకాలం నాటి చిన్న కాంక్రీటు పిల్‌బాక్సులు, అంటే తుపాకులతో కాపు కాసే గదులు, అక్కడక్కడా సగం మునిగి ఉంటాయి, సముద్రం కోస్తే బయటపడతాయి, లేకపోతే పిల్లలు ఎక్కి దూకుతుంటారు. కొంచెం దూరంలో కురుసుర జలాంతర్గామి, 2002 నుంచి మ్యూజియం, టికెట్ కోసం సెలవు రోజుల్లో క్యూ. విశాఖ మ్యూజియంలో ఆనాడు జపాను విమానం వేసిన బాంబు గుల్ల కూడా ఉంది. యుద్ధాన్ని చూడ్డానికి జనానికి ఉత్సాహం లేదన్న మాట ఆ క్యూ చూసినవాడెవడూ అనడు.

ఇక్కడ నా వృత్తి మాట ఒకటి చెప్పాలి. ఐరోపాలో బంకరుకి చిక్కల్లా దాని మందం, కిటికీ కొట్టాలన్నా వజ్రపు రంపం కావాలి, గాలి రావాలంటే డక్టులు, అంటే గాలి గొట్టాలు. మన తీరంలో శత్రువు ఉప్పు. ఉప్పు కాంక్రీటులోకి దిగి లోపలి చువ్వల్ని తుప్పు పట్టిస్తుంది, తుప్పు ఉబ్బి పైన కాంక్రీటు పెచ్చులుగా ఊడుతుంది, ఊడినచోట ఇంకా ఉప్పు. అందుకని మొదటి ఆలోచన రంగు వేయడం కాకూడదు. లోపల తేమని బంధించే చవక పెయింటు ఇలాంటి కట్టడాన్ని తొందరగా చంపుతుంది. చెన్నైలో నేల కింద ఏదైనా చేద్దామనే ఉత్సాహవంతులకూ ఇదే సలహా. 2015 వరద, 2023 మిచౌంగ్ తుఫాను చూశాక కూడా బేస్‌మెంట్లో ఆర్ట్ గ్యాలరీ అంటే, ముందు పంపుసెట్టు చూపించమంటాను.

ముందు మరుగుదొడ్లు కట్టండి, తర్వాత బంకర్లు అనేవాళ్ళున్నారు. నిజమే, నాకూ అదే అనిపిస్తుంది, అందుకే పిల్‌బాక్సు దగ్గర మొదట కట్టాల్సింది మరుగుదొడ్డే అంటాను. ఊరివాళ్ళు ఒక చోట కాసేపు కూర్చోవాలంటే ముందు కావాల్సింది అదీ, తాగేనీళ్ళూ, కాస్త నీడా. సాంస్కృతిక కేంద్రం అనగానే ఏసీ గది గుర్తొచ్చేవాళ్ళకు ఇది చిన్నతనంగా ఉంటుందేమో.

నాకు ఇంకా పెద్ద భయం సుందరీకరణ అనే పని మీద. ఆ పేరుతో పనులు మొదలైతే ముందు లేచిపోయేది మురీ మిక్చర్ బండి, తర్వాత వల బాగుచేసుకునే జాలరి. ఆ ఇసుక మీద అందరికంటే ముందున్నది వాళ్ళు, 1942లో విమానాల మోత విన్నదీ వాళ్ళ ముందుతరంవాళ్ళే. వాళ్ళని కదిపి అక్కడ యుద్ధ స్మృతి పెడితే అది ఆ పాత కథనే మళ్ళీ ఆడినట్టు, పోసినవాళ్ళు బయట. వాళ్ళ ముసలాళ్ళు పెద్దవాళ్ళ దగ్గర ఏం విన్నారో ఇప్పుడే రికార్డు చేసి, ఆ మాటలే తెలుగులో బోర్డు మీద రాయాలి. సాయంత్రాలు అక్కడ తప్పెటగుళ్ళు ఆడించినా, కాలేజీ పిల్లలు గిటారు పట్టుకొచ్చినా, పర్మిషన్ కాగితం అడక్కుండా ఉంటే చాలు.

దీనికి ఐరోపా నుంచి ఆర్కిటెక్టును పిలవక్కర్లేదు. తీరంలో పని చేసిన ఒక స్ట్రక్చరల్ ఇంజినీరు, చరిత్ర చెప్పే ఒక మాస్టారు, జాలరిపేట నుంచి ఇద్దరు పెద్దలు కూర్చుంటే ప్లాను అయిపోతుంది. వచ్చేదారి వీల్‌చెయిరు పట్టేంత వెడల్పుండాలి, ప్రహరీ కట్టకూడదు. టెండరులో ఐదేళ్ళ నిర్వహణ డబ్బు విడిగా చూపించాలి, పనయ్యాక ప్రతి ఏడూ వానలకు ముందు ఎవరో ఒకరు వెళ్ళి పెచ్చులు తట్టి చూడాలి. ఆ ఉప్పుగాలిలో ఒకసారి బయటపడ్డ చువ్వ మీద ఆశ పెట్టుకోలేం.